పదకొండు రోజుల తెలుగు రోమ్

నేను రిటైరై రెండేళ్ళు దాటింది. ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కన లూకన్‌లో మా ఇళ్ళ ఎస్టేట్‌లోనే సైన్సు చదువుతున్న తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు. ల్యాబు ఉద్యోగం ఎలా ఉంటుందో ఆంటీని అడిగి తెలుసుకోమని వాళ్ళ అమ్మలు అప్పుడప్పుడు వాళ్ళని మా ఇంటికి పంపుతుంటారు. ఇప్పటిదాకా వాళ్ళకి మంచి సంగతులే చెప్పాను. ఈ ఒక్కటి చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెబితే, మధ్యలో ఎక్కడో ఒకచోట నాకు అనుకూలంగా మాట మార్చేస్తానేమోనని అనుమానం. అందుకే రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర. బయోకెమిస్ట్రీ చదివాను. పెళ్ళయి ఐర్లండ్ వచ్చాక చాలా ఏళ్ళు కిల్కెన్నీలో ఆస్పత్రి ల్యాబులో పనిచేశాను. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం డబ్లిన్‌కి మారాక, అక్కడ ఒక యూనివర్సిటీలో పాత ఎముకల నుంచి డీఎన్ఏ తీసే ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. ఆస్పత్రిలో పొద్దున వచ్చిన రక్తానికి మధ్యాహ్నానికల్లా జవాబు చెప్పాలి. బయట ఒక మనిషి కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడు. ఇక్కడ మా దగ్గరికొచ్చే వాళ్ళు పోయి వేల ఏళ్ళయింది. తొందర ఎవరికీ లేదు. మొదట్లో నాకు అదే వింతగా ఉండేది.

ఎముకలు తెరిచే గది బేస్‌మెంట్‌లో ఉండేది. అందులోకి వెళ్ళాలంటే ఒళ్ళంతా కప్పే తెల్ల సూటు, రెండు జతల గ్లవ్స్, మాస్కు, దానిమీద ముఖానికి అడ్డంగా ప్లాస్టిక్ షీల్డు. బొట్టూ గాజులూ బయటే తీసి పెట్టాలి. ఇదంతా ఎముక నుంచి మనల్ని కాపాడడానికి కాదు, మన నుంచి ఎముకని కాపాడడానికి. పాత ఎముకలో మిగిలే డీఎన్ఏ చిటికెడు. దానిమీద మన ఉమ్మి తుంపరో, కంటి తడో పడిందంటే ఆ చిటికెడూ మన కింద మునిగిపోతుంది. తలుపు పక్కన ఒక లాగ్ పుస్తకం ఉండేది. లోపల గ్లవ్ చిరిగినా, తుమ్మొచ్చినా అందులో రాయాలి. రాసినందుకు ఎవరినీ ఏమీ అనకూడదు. అదీ అక్కడి రూలే.

ల్యాబు పెద్ద ఒక ప్రొఫెసర్, పడమటి తీరం నుంచి వచ్చిన ఐరిష్ ఆవిడ. మాట తక్కువ. ఏం చెప్పినా "గ్రాండ్" అనేవారు. అది మెచ్చుకోలో చిరాకో మేమే పోల్చుకోవాలి. సీనియర్ టెక్నీషియన్ కార్క్ మనిషి. వాళ్ళ ఊరి అలవాటు ప్రకారం, యాభై దాటిన నన్ను కూడా "గర్ల్" అని పిలిచేవాడు. ల్యాబులో అడుగుపెట్టే ప్రతివాళ్ళ డీఎన్ఏ వివరాలూ ఒక ఫైల్లో ఆయన దగ్గర ఉండేవి. ఎప్పుడైనా అనుమానమొస్తే పోల్చి చూడడానికి. ఆ ఫైలు ఆయన తప్ప ఎవరూ తెరవకూడదు. ఇంకొకరు, కరీంనగర్ నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. మేం తీసిన డీఎన్ఏని కంప్యూటర్ మీద లెక్కకట్టడం ఆమె పని. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది. వెళ్ళేటప్పుడు నేను డబ్బాలో గోంగూర పచ్చడి పెట్టిచ్చేదాన్ని.

ఆ సంవత్సరం ఇటలీ నుంచి ఒక చిన్న పెట్టె వచ్చింది. రోమ్ కొండల మీద, ఆ పాలరాతి కట్టడాలన్నిటి కింద, మొట్టమొదటి ఊరి ఆనవాళ్ళున్నాయి. గుంజలు పాతిన గుంటలు, మట్టిగోడల ముక్కలు. అంత సామ్రాజ్యమూ మొదలైంది గడ్డి కప్పిన పూరిపాకల్లో. ఆ పాకల్లో ఉన్నవాళ్ళు ఎవరు? చుట్టుపక్కల కొండల్లో పశువులు కాసుకునేవాళ్ళేనా, సముద్రం దాటి వచ్చినవాళ్ళా? రోమన్లు తమ గురించి రెండు రకాల కథలూ చెప్పుకున్నారు. తేల్చడం కష్టం, ఎందుకంటే ఆ కాలంలో అక్కడ పెద్దవాళ్ళని ఎక్కువగా దహనం చేసేవారు. కాలిన ఎముకలో మాకు పనికొచ్చేదేమీ మిగలదు. పసిపిల్లల్ని మాత్రం కాల్చేవారు కాదు. కుండలో పెట్టి ఇంటి నేల కిందో, చూరు కిందో పాతిపెట్టేవారు. మా పెట్టెలో వచ్చింది అలాంటి ఒక పసిబిడ్డ చెవి దగ్గరి ఎముక. చింతగింజ కంటే కాస్త పెద్దది.

పసిపిల్లల్ని ఎందుకు కాల్చేవారు కాదో ఇప్పటికీ సరిగ్గా తెలియదని మీటింగులో ప్రొఫెసర్ అన్నారు. నాకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. మనవాళ్ళూ కాల్చరు. కిల్కెన్నీలో నా మొదటి కాన్పులో పుట్టిన బిడ్డ నాలుగు రోజులు బతికింది. ఆ తర్వాత ఏం చేద్దామని ఆస్పత్రివాళ్ళు అడిగితే మా ఆయన ఇంటికి ఫోన్ చేశారు. మా అత్తగారు ఒక్కటే మాట అన్నారు, "పసిగుడ్డుని కాల్చకూడదు నాయనా, మట్టిలోనే పెట్టండి" అని. ఊరి చివర శ్మశానంలో పసిపిల్లలకని వేరే వరసుంటే అక్కడ పెట్టాం. ఈ సంగతి ల్యాబులో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం లేదనుకున్నాను.

ఎముకని తెరిచే పని నాకే ఇచ్చారు. చెయ్యి వణకదని నాకు పేరు. సగమే పొడి చేసి సగం దాచమన్నారు. నేను డ్రిల్ ఆనించానో లేదో, పసి ఎముక కాబట్టి, బిస్కెట్టులా మొత్తం చిట్లిపోయింది. దాచడానికేమీ మిగల్లేదు. ఆ తెల్లటి పొడిని చూస్తుంటే నాకు ఎక్కడున్నానో తెలియలేదు. షీల్డు లోపల ఆవిరి కమ్మింది, ముందేమీ కనబడలేదు. షీల్డు పైకెత్తి, మోచేతితో కళ్ళు తుడుచుకున్నాను. మాస్కు జారింది, సర్దుకున్నాను. పై గ్లవ్స్ మార్చుకుని, పొడినంతా బ్రష్షుతో ట్యూబులోకి దులిపాను. నిమిషం కూడా పట్టలేదు.

బయటికొచ్చి పుస్తకంలో, ఎముక చిట్లింది, పొడి అంతా భద్రపరిచాను అని రాశాను. షీల్డు ఎత్తానని రాయలేదు. రాస్తే ఎందుకెత్తావని అడుగుతారు. అడిగితే కిల్కెన్నీ సంగతి చెప్పాలి.

మూడు వారాల తర్వాత మొదటి ఫలితం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే ఆ కరీంనగర్ అమ్మాయి మమ్మల్ని తన స్క్రీన్ దగ్గరికి పిలిచింది. ఆ బొమ్మలో ఒక్కో చుక్క ఒక్కో మనిషి. ఇటలీవాళ్ళ చుక్కలన్నీ ఒకచోట గుంపుగా ఉన్నాయి. భారతదేశపు చుక్కల గుంపు బాగా దూరంగా ఉంది. మా పసిబిడ్డ చుక్క ఆ రెండింటికీ నడుమ, ఎవరూ లేనిచోట, ఒంటరిగా ఉంది. ఆ అమ్మాయి గొంతు తగ్గించి తెలుగులో నాతో, "ఆంటీ, ఇది మన దిక్కు వస్తున్నది" అంది.

ప్రొఫెసర్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఈసారి గ్రాండ్ అనలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఎక్కడో మన వేలు పడి మనలో ఒకరి డీఎన్ఏ కలిసి ఉండాలి, లేదంటే రోమ్ పుట్టుక గురించి రాసిన పుస్తకాలన్నీ తిరగరాయాలి, మొదటిదే అయ్యుండే అవకాశం ఎక్కువ అని. కొత్త డీఎన్ఏ చెక్కుచెదరకుండా ఉంటుంది, పాతదాని చివర్లు చివికిపోతాయి. ఆ తేడా తేల్చడానికి ఇంకా లోతైన పరీక్షకి పంపుతానన్నారు. ఫైల్లో వివరాలతో పోల్చి చూద్దామంటే కార్క్ ఆయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు, ఇంకో పది రోజులకి గాని రాడు. ఈలోగా ఒక్క మాట బయటికి పోకూడదన్నారు. ఆ తర్వాత మా ఒక్కొక్కరి ముఖంలోకి చూసి, ఆ గదిలో పుస్తకంలో రాయనిది ఏదైనా జరిగిందా అని అడిగారు.

నా నోరు "నో" అనేసింది.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఎందుకు చెప్పానని చాలాసార్లు ఆలోచించాను. ఆ ఫలితం నిజమైతే నేను షీల్డు ఎత్తడం వల్ల ఏమీ జరగనట్టే కదా. నిజం కావాలని నాకు ఆశ. ఆ ఆశని నాతోపాటు ఇంకొకరు మోయాలనిపించింది. ఎవరితోనూ అనొద్దనే చెప్పాను. ఆయన మర్నాడు వాకింగులో ఒక్క స్నేహితుడికి, ఎవరితోనూ అనొద్దనే చెప్పారట.

నాలుగో రోజు బస్సులో ల్యాబుకి వెళ్తుంటే గుంటూరులో ఉన్న మా పిన్ని కూతురి నుంచి వాట్సాప్‌లో ఒక ఫార్వర్డు వచ్చింది. రోమ్ నగరాన్ని కట్టింది తెలుగువాళ్ళేనని ఐర్లండ్ శాస్త్రవేత్తలు నిర్ధారించారట. రోమ్ అనే పేరు కూడా మన రోమం అనే మాటలోంచే పుట్టిందట. వెంట్రుకకీ నగరానికీ ఏం సంబంధమో రాసినవాళ్ళు చెప్పలేదు. నవ్వొచ్చేదే. కానీ కింద ఒక వాక్యముంది: "ఆ పసిబిడ్డ చుక్క రెండు గుంపుల నడుమ ఒంటరిగా ఉంది." అది నేను అన్నం వడ్డిస్తూ మా ఆయనతో అన్న మాట, అక్షరం పొల్లుపోలేదు. నా మాటే డబ్లిన్ నుంచి గుంటూరు వెళ్ళి నా చేతిలోకి తిరిగొచ్చింది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది, నాకు తెలియలేదు.

ఆ వారమే తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఫోన్ చేసి, ఉగాది కార్యక్రమంలో నాకు శాలువా కప్పుతామన్నారు. ఎలాగో తప్పించుకుని పెట్టేశాను.

ఆరో రోజు ప్రొఫెసర్ మీటింగు పెట్టారు. హైదరాబాదు నుంచి ఏదో టీవీ చానెలువాళ్ళు ఇటలీలో తవ్వకాలు చేసినాయనకి ఫోన్ చేశారట. ఆయన మా ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి, తను పంపిన ఆ పసిబిడ్డ ఎముక తిరిగి పంపెయ్యమన్నాడట. తిరిగి పంపడానికి ఎముక లేదు. ఆవిడ ఆ ఫార్వర్డుని కాగితం మీద ప్రింటు తీసి తెచ్చారు. దాన్ని ఆ అమ్మాయి ముందు పెట్టి, ఇందులో ఏముందో చదివి చెప్పమన్నారు. ఆమె ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ, ఆ చుక్క మాట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. చుక్క బొమ్మ చూసినవాళ్ళం ముగ్గురమే. అందులో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరం.

ప్రొఫెసర్ నావైపు చూడనైనా చూడలేదు. నా వయసు, నా సర్వీసు నన్ను కాపాడాయి. ఫలితాన్ని ముందు చూసింది ఆ అమ్మాయే, ఎప్పుడూ ఫోన్ ఉండేది ఆ అమ్మాయి చేతిలోనే. పైగా డీఎన్ఏ కలిసింది కూడా భారతదేశపుదే. సంగతి తేలేదాకా ఈ ప్రాజెక్టు పక్కన పెట్టమనీ, లాప్‌టాప్ ఇచ్చి వెళ్ళమనీ ఆమెకి చెప్పారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

కారిడార్‌లో ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఏడవట్లేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది.

"నేను ఎవ్వలికి చెప్పలే ఆంటీ. ఆ రూంలకైతే ఆ వారం అడుగు గూడ పెట్టలే. ప్రాజెక్టులకెళ్ళి తీసేస్తే నా వీసా ఏమైతదో తెల్వదు. మీరొక్క మాట చెప్పుండ్రి. మీరు చెప్తే మేడం ఇంటది."

"నేను మాట్లాడతాలే అమ్మా" అన్నాను.

మాట్లాడలేదు. రోజూ పొద్దున్నే మాట్లాడదామనే వెళ్ళేదాన్ని. ప్రొఫెసర్ గది తలుపు మూసి ఉంటే హమ్మయ్య అనుకునేదాన్ని. తెరిచి ఉంటే, ఎవరో ఉన్నట్టున్నారులే అనుకునేదాన్ని. ఆ ఆదివారం ఆమె భోజనానికి రాలేదు. ఎందుకు రాలేదని మా ఆయన అడిగితే, చదువుకుంటోందేమో అన్నాను.

పదకొండో రోజు కార్క్ ఆయన చేతికర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. వస్తూనే తలుపేసుకుని ఫైలు ముందు కూర్చున్నాడు. పదకొండు గంటలప్పుడు టీ గదిలోకి వచ్చాడు. అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. గోడ అల్మరా తెరిచి రెండు కప్పులు తీసి, రెంటిలోనూ టీ పోసి, ఒకటి నా ముందు పెట్టాడు.

"అది నువ్వే, గర్ల్."

నాకు వెంటనే అర్థం కాలేదు. టీ గురించి ఏదో అంటున్నాడనుకున్నాను.

"ఆ ట్యూబులో ఉన్నది నువ్వు. సగానికి పైగా నువ్వే" అన్నాడు.

ఇన్నాళ్ళూ నా లోపల ఏ మూలో ఆ సంగతి తెలుసు. తెలిసినదే బయటి నుంచి వినబడితే ఇంత దెబ్బ తగులుతుందని మాత్రం తెలియదు. ఇరవై ఎనిమిది వందల ఏళ్ళు ఇంటి చూరు కింద ఎవరూ కదిలించకుండా పడుకున్న ఒక పసిబిడ్డ. దానిమీద నేనూ, మా అమ్మా, మా అమ్మమ్మా, కృష్ణా కాలవల నీళ్ళు తాగి బతికిన నా వాళ్ళందరూ వెళ్ళి పడ్డాం. ఆ బిడ్డ గురించి ఎవరూ, ఎప్పుడూ ఏమీ తెలుసుకోలేకుండా చేశాననిపించింది.

ఆ అమ్మాయిది కూడా ఉందా అని అడిగాను. లేదన్నాడు, ఒక్క తునక కూడా లేదన్నాడు. కర్ర పక్కన ఆనించి కూర్చున్నాడు.

"నేనింకా పైకి వెళ్ళలేదు. ఈ టీ నెమ్మదిగా తాగుతాను" అన్నాడు.

ఆయన నాకిచ్చిన టైము అంతే. మెట్లెక్కి వెళ్ళాను. తలుపు మూసి ఉంది. ఈసారి తట్టాను.

ప్రొఫెసర్‌కి అన్నీ చెప్పాను. షీల్డు ఎత్తిన సంగతి, ఎందుకెత్తానో ఆ సంగతి, మా ఆయనకి చెప్పిన సంగతి. కిల్కెన్నీలో పోయిన బిడ్డ మాట వచ్చినప్పుడు ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగారు, ఆ అమ్మాయి నిన్ను సాయం అడిగిందా అని.

అడిగిందన్నాను.

"ఎప్పుడు?"

"ఐదు రోజుల కిందట."

అప్పుడు ఆవిడ ముఖం మారింది. అంతవరకూ నేను చెప్పిన దేనికీ అలా మారలేదు. చిన్నపిల్లని కొట్టబోయిన మనిషిని చూసినట్టు నన్ను చూశారు.

"షీల్డు ఎత్తడం ఎవరికైనా జరుగుతుంది. ఆ ఐదు రోజులు మాత్రం నువ్వు చేసింది."

నేను ఇంకేదో చెప్పబోయాను. వద్దన్నట్టు చెయ్యెత్తారు. బేస్‌మెంట్‌కి తీసుకెళ్ళి లాగ్ పుస్తకం తెరిచి పెన్ను ఇచ్చారు. పాత తేదీ వెయ్యకుండా, ఆ రోజు తేదీతోనే, షీల్డు ఎత్తానని రాశాను. ఒక్క వాక్యం. రాయడానికి నిమిషం పట్టలేదు.

మధ్యాహ్నం ఆ అమ్మాయిని పిలిపించారు. అనుమానించినందుకు ముందు ప్రొఫెసర్ ఆమెకి క్షమాపణ చెప్పారు, కూర్చుని కాదు, లేచి నిలబడి. లాప్‌టాప్ ఆమె చేతికిచ్చారు. తర్వాత నావైపు చూశారు. జరిగిందంతా నేను తెలుగులో చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు, మధ్యలో రెండుసార్లు తడబడ్డానని మాత్రం గుర్తుంది. ఆ అమ్మాయి అంతా విని, ఇంగ్లీషులో, "ఇట్స్ ఫైన్" అంది. ఆ రోజు నుంచి ఆమె నాతో తెలుగులో మాట్లాడలేదు. కనబడితే నవ్వేది, గుడ్ మార్నింగ్ అనేది, కావలసిన రసాయనం పేరు చెప్పేది. అన్నీ ఇంగ్లీషులోనే. మా ఇంటికి మళ్ళీ రాలేదు.

ప్రొఫెసర్ ఇటలీకి పొడుగాటి ఉత్తరం రాసి తప్పు మాదేనని ఒప్పుకున్నారు. అందులో నా పేరు రాయలేదని కార్క్ ఆయన చెప్పాడు. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు గానీ, ఆ బేస్‌మెంట్ గదిలోకి మళ్ళీ పంపలేదు. రిటైరయ్యేదాకా పై అంతస్తులో రసాయనాలు కలిపాను, లెక్క చూసుకున్నాను, కొత్తవాళ్ళకి సూటు ఎలా వేసుకోవాలో నేర్పాను.

ఉగాది రోజు నేనే అడిగి మైకు తీసుకుని, అది పొరపాటనీ, ఆ ఎముకలో కలిసింది నా డీఎన్ఏ అనీ హాల్లో అందరికీ చెప్పాను. తర్వాత ప్రెసిడెంటుగారు లేచి, "అయితేనేం అమ్మా, మీ డీఎన్ఏ అయినా రోమ్‌లో కలిసింది కదా, అదీ మనకి గర్వకారణమే" అని చప్పట్లు కొట్టించారు. శాలువా కూడా కప్పేశారు. ఆ ఫార్వర్డు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. పోయిన నెల మళ్ళీ నాకే వచ్చింది. ఐర్లండ్ పోయి ఈసారి ఐస్‌లాండ్ అని ఉంది.

ఈ పనిలోకి రాబోయే పిల్లలు నన్ను అడిగేది, తప్పులు చెయ్యకుండా ఎలా ఉండాలి ఆంటీ అని. నాకు తెలియదు. నా చెయ్యి వణకదని అందరూ అనేవారు, నేనూ నమ్మాను. నాకు తెలిసిందల్లా ఒకటే. కళ్ళు తుడుచుకోవడం పెద్ద విషయం కాదు, బయటికొచ్చి రాసేస్తే అక్కడితో అయిపోతుంది. రాయకపోతే దాన్ని ఎవరో ఒకరు మోయాల్సి వస్తుంది. మోసేది మీరే అవుతారన్న నమ్మకం లేదు.

లోతైన పరీక్ష ఫలితం కొన్ని నెలల తర్వాత వచ్చింది. చివర్లు చివికిన ముక్కల్ని మాత్రం ఏరుకుంటే, నన్ను పక్కకి తొలగించి ఆ బిడ్డని కొంచెమైనా చదవొచ్చని ప్రొఫెసర్ అన్నారు. ఏరే పని ఆ అమ్మాయిదే. వారాల తరబడి ఆ స్క్రీన్ ముందే ఉండేది. నా డీఎన్ఏని ఒక్కో ముక్కే తీసి పారేస్తోందని నాకు తెలుసు. ఆ గది ముందు నుంచి నడవాల్సి వస్తే అడుగు చప్పుడు కాకుండా నడిచేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో కాగితమేమీ లేదు. అప్పటిదాకా మేమందరం ఆ బిడ్డని శాంపిల్ అనే అనేవాళ్ళం. నాదీ బిడ్డదీ డీఎన్ఏ కలిసిపోవడంతో ఆడో మగో కూడా తెలియలేదు మరి.

"షీ వాజ్ ఎ గర్ల్" అంది. కాస్త ఆగి, ఆ పాప వాళ్ళు ఎక్కడి నుంచీ వచ్చినవాళ్ళు కాదనీ, చుట్టుపక్కల కొండల వాళ్ళేననీ, మిగిలిన కొంచెంలో అంతవరకే చెప్పగలిగానని ఇంగ్లీషులో చెప్పింది.

నేను కూడా ఇంగ్లీషులోనే థాంక్యూ అన్నాను. ఆమె తల ఊపి, తన గదికి వెళ్ళిపోయింది.